యూనివర్సిటీలో కౌన్సెలర్ జీతం ఏ పద్దు నుంచి రావాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీది సుమారు ఎనిమిది వేల మంది చదివే రాష్ట్ర విశ్వవిద్యాలయం. సగం మందికి పైగా హాస్టళ్లలో ఉంటారు. మొత్తానికి ఒక్కరే కౌన్సెలర్, అదీ వారానికి రెండు పూటలు. పోయిన సెమిస్టర్‌లో ఒక విద్యార్థి ఆత్మహత్యాయత్నం చేశాక మీరంతా వీసీ (వైస్ చాన్సలర్) దగ్గరికి వెళ్లి పూర్తికాలం కౌన్సెలర్లు కావాలని అడిగారు. "ఫండ్స్ లేవు, గవర్నమెంట్ ఇస్తే పెడతాం" అన్నారు. ఇలాంటి సేవలకి ప్రభుత్వం అసలు డబ్బిస్తుందా, ఇస్తే ఏ పద్దు కింద, ఎవరిని అడగాలి అన్నది మీ ప్రశ్న.

నేను రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ పాఠాలు చెప్పాను. చాలా ఏళ్లు సాయంత్రాలు కౌన్సెలింగ్ గదిలో కూర్చున్నాను. చివర్లో విద్యార్థి సంక్షేమ విభాగం బడ్జెట్ ఫైళ్లు నా చేతి మీదుగానే నడిచాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: ప్రభుత్వం దగ్గర ఈ పనికి డబ్బు ఉంది, ఖర్చు పెట్టాల్సిన బాధ్యత కూడా చట్టంలో ఉంది. కానీ నేను పనిచేసినన్నాళ్లూ యూనివర్సిటీ విద్యార్థుల మానసిక ఆరోగ్యం అనే పేరుతో ఒక పద్దు నాకు కనబడలేదు. పద్దు లేకపోతే పోస్టు రాదు. పోస్టు లేకపోతే వచ్చిన మనిషి నిలవడు. కాబట్టి మీరు అడగాల్సింది "నిధులు" అని కాదు. శాంక్షన్ అయిన పోస్టులు ఇన్ని, వాటి జీతం ఈ పద్దు నుంచి, అని అడగాలి.

ఇది చదువుతున్న వాళ్లలో ఎవరికైనా ఇప్పుడే మనసు బాగాలేకపోతే పద్దుల సంగతి పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది, కేంద్ర ప్రభుత్వ ఖర్చుతో నడుస్తుంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టక్కర్లేదు.

ఇక అసలు విషయం. డబ్బు ఎందుకు మీ క్యాంపస్ దాకా రావడం లేదో తెలిస్తే ఎక్కడ అడగాలో కూడా తెలుస్తుంది. ప్రభుత్వ పద్దుల్లో వైద్యం, ప్రజారోగ్యం 2210 అనే మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) కింద ఉంటాయి. యూనివర్సిటీలు 2202, అంటే సాధారణ విద్య కింద ఉంటాయి. మానసిక ఆరోగ్యానికి వచ్చే డబ్బు దాదాపు అంతా మొదటి దాంట్లో పడుతుంది. మీరు చదువుకునేది రెండో దాంట్లో. ఆరోగ్య శాఖవాళ్లు "యూనివర్సిటీలు మా పరిధి కాదు, వాళ్లకి వీసీ ఉన్నారు" అనుకుంటారు. ఉన్నత విద్యాశాఖ వాళ్లు "అది వైద్యం కదా" అంటారు. ఇద్దరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఎవరి పుస్తకంలోనూ ఆ లైను లేదు, అంతే.

ఆరోగ్య శాఖ వైపు ఏముందో చూద్దాం. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మన అనంతపురం పక్కనే ఉన్న బళ్లారిలో, జిల్లా స్థాయిలో మానసిక వైద్యం ఎలా అందించవచ్చో చేసి చూపించారు. దాని ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దేశంలో మొదట తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇప్పుడు ఇది 767 జిల్లాలకి మంజూరై ఉంది. జిల్లాకి ఏడాదికి గరిష్ఠంగా 83.2 లక్షల రూపాయల దాకా ఇవ్వొచ్చని నిబంధన. ఈ డబ్బుతో ఒక సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉండే బృందం నడవాలి. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఈ కార్యక్రమం చేయాల్సిన పనుల జాబితాలో కాలేజీ కౌన్సెలింగ్ సేవలు, ఆత్మహత్యల నివారణ అని స్పష్టంగా రాసి ఉంది. అంటే జిల్లా బృందాన్ని వారానికి ఒక రోజు మా హెల్త్ సెంటర్‌కి పంపండి అని మీ యూనివర్సిటీ అడిగితే అది కొత్త కోరికేమీ కాదు. వాళ్ల పనినే వాళ్లని చేయమంటున్నట్టు. కొత్తగా ఒక్క రూపాయి మంజూరు అక్కర్లేదు.

మరి ఎందుకు జరగడం లేదు? బృందంలో ఖాళీలు ఉంటాయి, ఉన్న సైకియాట్రిస్టు జిల్లా ఆసుపత్రి ఓపీతోనే అలిసిపోతారు, ఇది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, యూనివర్సిటీ నుంచి ఎవరూ రాతపూర్వకంగా అడగరు. రిజిస్ట్రార్ సంతకంతో జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి ఒక లేఖ, కలెక్టరుకి దాని కాపీ. నేను ఉన్న చోట ఇంత మాత్రం చేశాకే నెలకి కొన్ని రోజులు డాక్టరు రావడం మొదలైంది. మందులు కూడా ప్రభుత్వ సరఫరా నుంచే వచ్చాయి. హాస్టల్ పిల్లలకి బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి వెళ్లి, మానసిక విభాగం అని బోర్డున్న వరసలో నిలబడే బాధ తప్పింది.

టెలీ మానస్ గురించి కూడా ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే "ఫోన్ నంబరు ఉంది కదా, కౌన్సెలర్ ఎందుకు" అనే మాట మీరు తప్పకుండా వింటారు. కేంద్ర బడ్జెట్లో దానికి 2023-24లో సుమారు 134 కోట్లు పెట్టారు, 2024-25లో 90 కోట్లు. అదే 2024-25లో నిమ్హాన్స్ ఒక్కదానికి 850 కోట్లు. నిమ్హాన్స్ గొప్ప సంస్థ, ఆ డబ్బు దానికి అవసరమే, అందులో నాకు సందేహం లేదు. కానీ దేశం మానసిక ఆరోగ్యానికి పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఎక్కడ ఆగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫోన్ లైను అర్ధరాత్రి ఒక ప్రాణాన్ని ఆపగలదు. ఆ తర్వాత మూడు నెలలు, వారం వారం, అదే మనిషి ఎదురుగా కూర్చోవాలి కదా. ఆ పని ఫోన్ చేయలేదు. "రెండూ కావాలి" అని నిర్మొహమాటంగా చెప్పండి.

ఇప్పుడు విద్యాశాఖ వైపు. రాష్ట్ర యూనివర్సిటీకి ప్రభుత్వం బ్లాక్ గ్రాంటు, అంటే ఏటా ఏకమొత్తంగా కొంత డబ్బు, ఇస్తుంది. మన దగ్గర అందులో దాదాపు అంతా జీతాలకి, పెన్షన్లకి పోతుంది. మిగతా ఖర్చులకి పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఆదాయం మీద ఆధారపడతారు. దీన్నే అంతర్గత వనరులు అంటారు. మీ కౌన్సెలర్‌కి గౌరవ వేతనం ఈ అంతర్గత వనరుల నుంచే వస్తుంటుంది, అందుకే నెలలు ఆలస్యమవుతుంది. డబ్బు తక్కువైన నెలలో ముందు ఆగేది ఆ బిల్లే. వీసీగారు చెప్పిన "ఫండ్స్ లేవు" అనే మాట ఈ అర్థంలో నిజమే. ఆయన చేతిలో ఉన్న డబ్బు నిజంగా తక్కువ. అయితే ఆయన చేయగలిగి చేయని పని ఒకటుంది: పోస్టులు సృష్టించమని పాలకమండలి తీర్మానంతో ప్రభుత్వానికి ప్రతిపాదన పంపడం. దానికి ఆర్థిక శాఖ ఒప్పుకుంటే ఆ జీతాలు బ్లాక్ గ్రాంటులోకి చేరతాయి. కష్టమే, ఏళ్లు పట్టొచ్చు. కానీ ప్రతిపాదనే వెళ్లకపోతే "ప్రభుత్వం ఇవ్వలేదు" అనడం సరికాదు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) సంగతి. 2023లో విద్యార్థుల శారీరక దృఢత్వం, ఆరోగ్యం, మానసిక సంక్షేమం మీద మార్గదర్శకాలిచ్చింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో స్టూడెంట్ సర్వీసెస్ సెంటర్ ఉండాలంది. మంచి పత్రం, చదవండి. దానితో పాటు జీతాలకి విడిగా డబ్బు మాత్రం రాలేదు. పీఎం ఉష అని ఉన్నత విద్యాసంస్థలకి గ్రాంట్లిచ్చే ఇంకో పథకం ఉంది, పాత రూసా పథకానికి కొత్త రూపం. 2023-24 నుంచి 2025-26 వరకు 12,926.10 కోట్లు, కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. అందులో ఎక్కువ భాగం భవనాలు, మరమ్మతులు, పరికరాలకి. మీ యూనివర్సిటీకి ఆ గ్రాంటు వచ్చి ఉంటే కౌన్సెలింగ్ సెంటర్‌కి రెండు మూడు గదులు, శబ్దం బయటికి పోని గోడలు, పరిపాలనా భవనానికి దూరంగా ఒక విడి ద్వారం అడగొచ్చు. విడి ద్వారం చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. డీన్ ఆఫీసు ముందు నుంచి నడిచి రావాల్సిన గదికి ఎవరూ రారు.

కోర్టు తీర్పులు మీకు ఇప్పుడు పెద్ద బలం. 2025 మార్చి 24న సుప్రీంకోర్టు, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద జాతీయ టాస్క్‌ఫోర్సు వేసింది. దానికి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షులు. ఆ పని మొదలుపెట్టడానికి 20 లక్షలు జమ చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అదే ఏడాది జులై 25న, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం పదిహేను మార్గదర్శకాలిచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని, యూనివర్సిటీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు అన్నింటికీ వర్తిస్తాయని చెప్పింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో, క్లాసుల్లో కనబడేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షక కమిటీ ఉండాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ఆ తీర్పు గుర్తు చేసింది. 2001లో ఆ సంఖ్య 5,425.

ఎనిమిది వేల మందికి ఒక్కరున్నా "కనీసం ఒకరు" అన్న షరతు తీరిపోయినట్టే అని మీ అధికారులు వాదించవచ్చు. అదే తీర్పులో విద్యార్థుల సంఖ్యకి తగిన నిష్పత్తిలో కౌన్సెలర్లు ఉండాలని కూడా ఉంది. ఆ భాగం కింద గీత గీసి చూపించండి. పైగా వారానికి రెండు పూటలు వచ్చే మనిషిని నియామకం అనలేం.

చట్టం సంగతీ చెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల ద్వారా మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. 115వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, మళ్లీ అలా జరగకుండా సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. మీ క్యాంపస్‌లో పోయిన సెమిస్టర్‌లో జరిగినదానికి ఈ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది. ఆ విద్యార్థిని ఇంటికి పంపించి టీసీ తీసుకోమని చెప్పడం ఈ చట్టం ఆత్మకే విరుద్ధం. అలా జరిగి ఉంటే మీరు ముందు ఆ పిల్లవాడి పక్షాన నిలబడండి, పోస్టుల సంగతి తర్వాత.

సరే, ఎంత అడగాలి? "కొంత నిధి కేటాయించండి" అని రాస్తే ఎవరూ చదవరు. లెక్క కట్టి ఇవ్వాలి. అమెరికాలో కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్లకి గుర్తింపునిచ్చే సంస్థ వెయ్యి నుంచి పదిహేను వందల మందికి ఒక నిపుణుడు ఉండాలంటుంది. మనం పదిహేను వందలే తీసుకుందాం. ఎనిమిది వేల మందికి ఆరుగురు. ఐదుగురు కౌన్సెలర్లు, ఒక క్లినికల్ సైకాలజిస్టు అనుకోండి. నేను వేస్తున్న రేట్లు ఉదాహరణకి: కౌన్సెలర్‌కి నెలకి 40 వేలు, అంటే ఐదుగురికి 2 లక్షలు. క్లినికల్ సైకాలజిస్టుకి 60 వేలు. జిల్లా బృందం రాకపోతే బయటి సైకియాట్రిస్టు నెలకి ఎనిమిది పూటలు, పూటకి 5 వేల చొప్పున 40 వేలు. ఫోను, పరీక్షా సామగ్రి, కౌన్సెలర్లకి పైనుంచి మార్గదర్శనం చేసే సీనియర్‌కి ఇచ్చేది కలిపి 20 వేలు. మొత్తం నెలకి 3 లక్షల 20 వేలు, ఏడాదికి 38 లక్షల 40 వేలు. విద్యార్థికి నెలకి 40 రూపాయలు, ఏడాదికి 480. ఒక జిల్లాకి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తంలో ఇది సగం కన్నా తక్కువ. ఈ పోలికని మీ వినతిపత్రం మొదటి పేజీలోనే పెట్టండి.

ఈ లెక్క చూడగానే ఎవరో ఒకరు "480 రూపాయలే కదా, స్పెషల్ ఫీజులో కలిపేద్దాం" అంటారు. దీన్ని గట్టిగా వ్యతిరేకించండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకి అలా కొత్తగా చేర్చిన ఫీజు జేబులోంచే కట్టాల్సి వస్తుంది. నా గదికి వచ్చినవాళ్లలో చాలామంది బాధ డబ్బు దగ్గరే మొదలయ్యేది. రీయింబర్స్‌మెంట్ బకాయి, మెస్ బిల్లు డ్యూ, సర్టిఫికెట్లు ఇవ్వనంటున్నారని భయం, ఇంట్లో చెప్పలేని అప్పు. అలాంటి పిల్లాడికి ఇంకో ఫీజు వేసి దాంతో కౌన్సెలింగ్ చేయడం నాకు న్యాయంగా అనిపించదు. ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ సకాలంలో ఇవ్వడం కూడా విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి పెట్టే ఖర్చే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మీ వినతిలో ఆ ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి.

అమెరికాలో మాత్రం ఇది చాలాచోట్ల విద్యార్థులు కట్టే ఫీజులోంచే నడుస్తుంది. అక్కడ చదువుతున్న మన పిల్లలు, ముఖ్యంగా మాస్టర్స్‌కి వెళ్లినవాళ్లు, ఆ డబ్బు ముందే కట్టేశామని తెలియక ఆ సెంటర్‌కి వెళ్లరు. తెలిసినవాళ్లుంటే చెప్పండి. కాలిఫోర్నియా ఇంకో దారి తీసుకుంది. 2004లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 63 ప్రకారం, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద అదనంగా ఒక శాతం పన్ను వేసి ఆ డబ్బుని మానసిక ఆరోగ్యానికే కేటాయించారు. అందులో కొంత ప్రభుత్వ యూనివర్సిటీల క్యాంపస్ కార్యక్రమాలకీ వెళ్లింది. మనం యథాతథంగా తెచ్చుకోలేం. కానీ ఒక ఆదాయ మార్గాన్ని ఒక పనికే కట్టేసి ఉంచడం అనే ఆలోచన మనకీ పనికొస్తుంది. ఉదాహరణకి, యూనివర్సిటీ తన అఫిలియేషన్ ఫీజు ఆదాయంలో ఇంత శాతం దీనికే అని పాలకమండలి తీర్మానం చేసుకోవచ్చు. ప్రభుత్వం పోస్టులు మంజూరు చేసేదాకా అది ఆధారం.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది. డబ్బు వచ్చినా అది తప్పు రూపంలో వస్తే ఉపయోగం లేదు. మన దగ్గర ఈ పేరుతో ఖర్చయ్యే డబ్బులో చాలా భాగం కార్యక్రమాలకి పోతుంది. అవగాహన సదస్సు, ఫ్లెక్సీ, శాలువా, మోటివేషనల్ స్పీకర్, ఫోటోలు. విద్యాసంస్థలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లొస్తున్నారంటే ఇవి ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే విద్యార్థులకి ఇచ్చే మద్దతుకి అక్కడ మార్కులుంటాయి. మార్చి నెలాఖరులో మిగిలిన డబ్బు ఖర్చు చూపించడానికి సదస్సు అంత సులువైన దారి ఇంకోటి లేదు. ఒక బిల్లు, ఒక సంతకం. కౌన్సెలర్ జీతం అయితే పన్నెండు నెలలూ ఇవ్వాలి.

అవుట్‌సోర్సింగ్ మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఏజెన్సీ ద్వారా తీసుకున్న కౌన్సెలర్‌కి జీతం ఆలస్యమవుతుంది, పదకొండు నెలలకి కాంట్రాక్టు ముగుస్తుంది, కార్పొరేట్ స్కూల్లో కాస్త ఎక్కువిస్తే వెళ్లిపోతుంది. ఆమెని తప్పు పట్టలేం. నష్టపోయేది ఎవరు? రెండో సంవత్సరంలో చాలా కష్టం మీద నోరు విప్పి తన కథ చెప్పిన అమ్మాయి. మూడో సంవత్సరంలో కొత్త మనిషి దగ్గర మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చాలామంది రెండోసారి చెప్పరు. "ఎందుకులెండి మేడం, ఇప్పుడు బానే ఉన్నా" అని లేచి వెళ్లిపోతారు. ఆ మాట వెనక ఏముందో గదిలో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. అందుకే రెగ్యులర్ పోస్టు కుదరకపోయినా కనీసం మూడేళ్ల కాంట్రాక్టు, నేరుగా యూనివర్సిటీతో, జీతం సాలరీ బిల్లులో భాగంగా ఉండాలని అడగండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు, పూర్వ విద్యార్థుల విరాళం కూడా ఇలాగే ఆలోచించి తీసుకోవాలి. గదులకి, శిక్షణకి, పుస్తకాలకి వాడుకోండి. మనుషుల జీతాలు మాత్రం దాని మీద పెట్టకండి. కంపెనీ ప్రాధాన్యం మారిన ఏడాది ఆ గదికి తాళం పడుతుంది.

ప్రభుత్వ డబ్బు వస్తే ఆడిట్ వస్తుంది. ఇది ముందే ఆలోచించుకోవాల్సిన చిక్కు. ఆడిట్‌వాళ్లు లబ్ధిదారుల రిజిస్టరు, పేర్లు, సంతకాలు అడుగుతారు. వాళ్లకి హాస్టల్ దుప్పట్ల పంపిణీకీ దీనికీ తేడా తెలియదు, తెలియజెప్పాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద వ్యక్తి చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. మేము పెట్టుకున్న పద్ధతి ఇది: వచ్చిన ప్రతి విద్యార్థికి ఒక కోడ్ నంబరు, రిజిస్టరులో తేదీ, కోడ్, మొదటిసారా తిరిగి వచ్చారా అన్నది, అంతే. పేరు ఉన్న పుస్తకం కౌన్సెలర్ బీరువాలో, తాళం ఆమె దగ్గరే. నెలాఖరుకి ఎంతమంది వచ్చారు, ఎన్ని సెషన్లు, ఎంతమందిని ఆసుపత్రికి పంపాం అన్న అంకెలు మాత్రం పైకి వెళ్లేవి. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌కి అవి సరిపోయాయి. ఈ పద్ధతిని పాలకమండలి తీర్మానంలోనే రాయించుకోండి. లేకపోతే ఎవరో ఒక అధికారి జాబితా అడుగుతాడు, ఆ కబురు హాస్టల్లో పాకుతుంది, ఆ తర్వాత ఆరునెలలు గదికి ఎవరూ రారు.

ఎవరిని తీసుకోవాలన్నది కూడా ప్రతిపాదనలో రాయాలి. క్లినికల్ సైకాలజిస్టుకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్లకి సైకాలజీ పీజీతో పాటు పర్యవేక్షణలో పనిచేసిన అనుభవం, లేదా మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ). ఖాళీగా ఉన్న లెక్చరర్‌కి అదనపు బాధ్యత ఇచ్చి సరిపెట్టొద్దు. మార్కులు వేసే మనిషి దగ్గర ఎవరూ మనసు విప్పరు. ఆడ, మగ ఇద్దరూ ఉండాలి. మీ జిల్లాలో ఉర్దూ మాట్లాడే పిల్లలు, లంబాడీ, కోయ, గోండు పిల్లలు ఎక్కువగా ఉంటే ఆ భాష తెలిసినవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వాలి. ఊరి నుంచి మొదటిసారి చదువుకి వచ్చిన పిల్ల తన బాధని పుస్తకాల తెలుగులో కూడా చెప్పలేదు, ఇక ఇంగ్లిషులో ఎలా చెబుతుంది?

ఇక మీరు చేయాల్సింది. ముందు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మీ యూనివర్సిటీ ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో కౌన్సెలింగ్ మీద ఎంత ఖర్చయింది, ఏ పద్దు నుంచి, అందులో జీతాలెంత, కార్యక్రమాలెంత, కౌన్సెలర్ పోస్టుల కోసం ప్రభుత్వానికి ఎప్పుడైనా ప్రతిపాదన పంపారా, పంపితే దాని నకలు. ఇంతే అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థుల వ్యక్తిగత వివరాల జోలికి పోకండి, తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది.

ఆ జవాబు వచ్చాక రెండు లేఖలు. ఒకటి కలెక్టరుకి, జిల్లా పర్యవేక్షక కమిటీ అధ్యక్షుడి హోదాలో, జిల్లా మానసిక ఆరోగ్య బృందాన్ని వారానికి ఒక రోజు క్యాంపస్‌కి పంపమని. ఇది ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు. రెండోది వీసీకి, ఉన్నత విద్యామండలికి, ఉన్నత విద్యాశాఖ కార్యదర్శికి, పోస్టుల కోసం. దీనికి కాలం చూసుకోవాలి. వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలు అక్టోబరు, నవంబరు నెలల్లో తయారవుతాయి. ఫిబ్రవరిలో ధర్నా చేస్తే పేపర్లో ఫోటో వస్తుంది కానీ అప్పటికి పుస్తకం ప్రింటుకి వెళ్లిపోయి ఉంటుంది. సెప్టెంబరులోపు పాలకమండలి ముందుకి అంశం వెళ్లేలా చూడండి. మండలిలో ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యులుంటారు, ఒకరిద్దరిని ముందే కలిసి లెక్కల పట్టిక చేతికివ్వండి. బోధనేతర సిబ్బంది సంఘాన్ని కూడా కలుపుకోండి. హాస్టల్లో రాత్రి పూట పిల్లల్ని ముందు గమనించేది వాచ్‌మన్లు, మెస్ వాళ్లు, కేర్‌టేకర్లే, వాళ్లకి ఈ అవసరం మీకన్నా ఎక్కువ తెలుసు.

తీర్మానం ఇలా ఉండేలా అడగండి: "విద్యార్థుల మానసిక ఆరోగ్య సేవల కోసం ఐదు కౌన్సెలర్, ఒక క్లినికల్ సైకాలజిస్టు పోస్టులు మంజూరు చేయవలసిందిగా ప్రభుత్వాన్ని కోరుతూ, మంజూరయ్యే వరకు అంతర్గత వనరుల నుంచి విడి పద్దు కింద ఏటా 38.40 లక్షలు కేటాయించుటకు ఆమోదించడమైనది." తీర్మానం నంబరు, తేదీ రాసుకుని నకలు తీసుకోండి. సచివాలయంలో ఫైలు గురించి అడగాలన్నా, తర్వాత హైకోర్టుకి వెళ్లాల్సి వచ్చినా ముందు అడిగేది ఆ నంబరే. మీ దగ్గరి జీతాల రేట్లతో పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి సరిదిద్దుతాను.